ఇంటర్ తర్వాత ఒక సంవత్సరం ఆగుతానంటోంది మా అమ్మాయి, లాంగ్ టర్మ్ మాత్రం వద్దంటోంది. ఏం చేయించాలి?

లంకగ్రామం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా కొల్లిపర మండలంలో కృష్ణానది ఒడ్డునున్న ఊరు. రెండెకరాల మాగాణి, లంకలో ఎకరం అరటి, కంద సాగు చేస్తుంటాను. మా పెద్దమ్మాయి పదో తరగతి వరకు ఊళ్ళోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే చదివి, ఆ తర్వాత తెనాలిలో ఒక ప్రైవేటు కళాశాల హాస్టల్లో ఉండి ఈ ఏడాది బైపీసీ పూర్తి చేసింది. ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చాయి. నీట్‌లో మాత్రం 720కి 312 దగ్గర ఆగిపోయింది కాబట్టి కన్వీనర్ కోటాలో ఎం.బి.బి.ఎస్. సీటు గురించి ఆలోచించే పని లేదు, యాజమాన్య కోటా మా శక్తికి మించినది. ఇంజనీరింగ్, అగ్రికల్చర్ సీట్లకు రాష్ట్రం పెట్టే ఈఏపీసెట్‌లో ర్యాంకు పదిహేను వేలు దాటింది.

ఫలితాలు వచ్చిన రోజు నుంచి, నీట్ మళ్ళీ రాయడానికి ఏడాది పొడుగునా శిక్షణ ఇచ్చే లాంగ్ టర్మ్ కోచింగ్ వాళ్ళ ఫోన్లు ఆగడం లేదు. హాస్టల్‌తో కలిపి లక్షా డెబ్భై వేలు అడుగుతున్నారు. అప్పు చేసైనా కట్టడానికి నేను సిద్ధపడ్డాను గాని, అమ్మాయే ఒప్పుకోలేదు. "రెండేళ్ళు పొద్దున అయిదింటికి లేచి రాత్రి పదింటి దాకా చదివాను నాన్నా, ఏం చదివానో అడిగితే చెప్పగలను గాని ఎందుకు చదివానో చెప్పలేను" అంది. డాక్టరు కావాలన్న కోరిక తనకు ఎన్నడూ లేదని, అది మా కోరిక అని, తనకు మొక్కల మీద ఇష్టమని, అగ్రికల్చర్ బీఎస్సీ చదవాలని ఉందని, అయితే అది కూడా నిజమైన ఇష్టమో కాదో తేల్చుకోవడానికి ఒక సంవత్సరం ఇవ్వమని అడిగింది. వచ్చే ఏడాది ఈఏపీసెట్ మళ్ళీ రాస్తానంది.

నాకు కోపం రాలేదు, భయం వేసింది. లాంగ్ టర్మ్ అంటే కనీసం ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక మాట ఉంటుంది. ఇంట్లో ఉంటే ఫోను చూస్తూ పడుకుంటుందేమోనని ఆమె తల్లి అనుమానం. ఈ సంవత్సరం వృథా కాకుండా ఉండాలంటే ఏం చేయించాలో, ఇలా ఆగిన పిల్లలకు తర్వాత చదువులో గాని ఉద్యోగంలో గాని ఇబ్బందులు వస్తాయో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత అధ్యాపకుడు

లంకగ్రామం గారూ, ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ అమ్మాయి అన్న మాట, అంటే ఎందుకు చదివానో చెప్పలేనన్న మాట, నేను నా విద్యార్థుల నోట బహుశా నాలుగు సార్ల కంటే ఎక్కువ వినలేదు. చాలామందికి ఆ ప్రశ్న రాదు, వచ్చినవాళ్ళు తండ్రితో అనరు.

ముందుగా ఒక ఆచరణ విషయం. సంవత్సరం ఆగాలా వద్దా అన్న నిర్ణయం ఇప్పుడే తీసుకోకండి. అగ్రికల్చర్, హార్టికల్చర్ సీట్లకు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌తో సంబంధం లేకుండా వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఉద్యాన విశ్వవిద్యాలయం విడిగా దరఖాస్తులు పిలుస్తాయి. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చింది కదా, సీటు ఉంటే వాళ్ళే పిలుస్తారని అనుకుని దరఖాస్తే చేయని తల్లిదండ్రులను నేను చూశాను. పైగా ఆ సీట్లలో సాగుభూమి ఉన్న కుటుంబాలకు చెంది, గ్రామీణ ప్రాంతంలో చదివిన పిల్లలకు ప్రత్యేకమైన కోటా ఉంది. మీకు పొలం ఉంది, అమ్మాయి పదేళ్ళూ ఊరి బడిలోనే చదివింది. పట్టాదారు పాసుపుస్తకం, ఊళ్ళో చదివినట్టు ప్రధానోపాధ్యాయుడు ఇచ్చే ధ్రువపత్రం సిద్ధం చేసుకుని, ప్రకటనలోని షరతులను ఒక్కొక్కటిగా చదివి దరఖాస్తు చేయించండి. పదిహేను వేల ర్యాంకుకు ఈ ఏడాది సీటు రాకపోవచ్చు, అయినా తలుపు తట్టకుండా వెనక్కి రాకూడదు.

ఇక లాంగ్ టర్మ్ గురించి. దాన్ని తిట్టడం ఇప్పుడొక అలవాటుగా మారింది గాని, అది కొందరికి నిజంగా పనికివస్తుంది. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివి, 45 భౌతికశాస్త్రానివి, 45 రసాయనశాస్త్రానివి. మన బైపీసీ పిల్లల్లో చాలామందికి జీవశాస్త్రంలో మార్కులు నిలబడతాయి, భౌతికశాస్త్రం దగ్గర కాళ్ళు తడబడతాయి. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కాబట్టి, తెలియని లెక్కలను ఊహించి పెట్టినవాళ్ళు వచ్చిన మార్కులు కూడా పోగొట్టుకుంటారు. డాక్టరు కావాలన్న పట్టుదల ఉండి, లోపం ఆ ఒక్క సబ్జెక్టులోనే ఉన్న పిల్లవాడికి ఒక సంవత్సరం అభ్యాసం వల్ల మార్కులు బాగా పెరగడం నేను చూశాను. పట్టుదల లేని పిల్లకు అదే సంవత్సరం చేదు మందు రెండోసారి తాగించడమే. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదన్నది వినడానికి వరంలా ఉంటుంది గాని, మొదటి లాంగ్ టర్మ్ రెండోదానికి, రెండోది మూడోదానికి దారితీయడానికి కారణం కూడా అదే. మీ అమ్మాయి వద్దన్నది కాబట్టి ఆ లక్షా డెబ్భై వేలు మిగిలినట్టే అనుకోండి.

ఆమె ఈఏపీసెట్ మళ్ళీ రాయాలనుకుంటే సంవత్సరమంతా పుస్తకాలతో కూర్చోనక్కరలేదు. ఆ పరీక్షలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు ఒక్కొక్కదానికి 40 చొప్పున మొత్తం 160 ప్రశ్నలుంటాయి, తప్పులకు మార్కులు తీసివేయరు. మన రాష్ట్రంలో ర్యాంకు నిర్ణయించేటప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం ప్రాధాన్యం ఇస్తున్నారు కాబట్టి ఆమెకు వచ్చిన మంచి మార్కులు ఎక్కడికీ పోవు. డిసెంబరు దాకా రోజుకు రెండున్నర గంటలు, అందులో సగం భౌతికశాస్త్రానికి కేటాయించి, సంక్రాంతి తర్వాత పూర్తి స్థాయిలో కూర్చుంటే చాలునని నా అభిప్రాయం.

మిగిలిన గంటల సంగతికి వస్తాను. మీది కృష్ణా పశ్చిమ డెల్టా. మీ అమ్మాయి రెండేళ్ళు హాస్టల్ గదిలో కూర్చుని చదివిన వృక్షశాస్త్రంలో సగం మీ పొలం గట్టు మీదే ఉంది. ఇంటర్‌లో పరాన్నజీవి వేర్ల గురించి చెప్పేటప్పుడు కస్కుటా అని ఒక పేరు వస్తుంది, హాస్టోరియా అని ఒక మాట వస్తుంది. పిల్లలు దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పడతారు. వరి కోతకు కొద్ది రోజుల ముందు మీరు చల్లే మినుములో పసుపు దారాల్లా అల్లుకుని చేనును పీల్చేసే బంగారుతీగ అదేనని, నేను చెప్పేదాకా రైతుల పిల్లలకే తెలియదు. అది విత్తనంలో కలిసి వస్తుందని, జల్లెడ పట్టకుండా చల్లితే మరుసటి ఏడాది చేను మొత్తం పసుపెక్కుతుందని వాళ్ళ తాతలకు తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకే తలలో కలవడానికి మన చదువులో ఎక్కడా చోటు లేదు. ఈ సంవత్సరం ఆ చోటు కాగలదు.

కాబట్టి ఆమెను ఒక నోటు పుస్తకం పెట్టుకోమనండి. కాలువకు నీళ్ళు వదిలిన రోజు, నారు పోసిన రోజు, నాట్లు, ఎప్పుడు ఏ పురుగు కనబడింది, ఏ మందు కొట్టారు, ఎకరానికి ఎంత ఖర్చయింది, ఎన్ని బస్తాలు దిగాయి అన్నది రాయమనండి. గట్ల మీది ఊద, తుంగ, గరిక, వయ్యారిభామ, కాలువలోని గుర్రపుడెక్క, వీటిలో ఒక్కొక్కదాన్ని పీకి, పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, రోజూ కాగితాలు మారుస్తూ ఆరబెట్టి, మీ ఊళ్ళో పిలిచే పేరు ఒక పక్కన, శాస్త్రీయ నామం మరొక పక్కన రాయమనండి. ఒక పంటకాలం అలా రాసిన పిల్లకు ఈ చదువు తనకు ఇష్టమో కాదో ఇంకెవరినీ అడగవలసిన అవసరం రాదు. విసుగు పుడితే అది కూడా ఒక జవాబే, అగ్రికల్చర్ కాలేజీలో చేరిన రెండో ఏడు తెలియడం కంటే ఇప్పుడు తెలియడం నయం.

లెక్కలమనిషి

అధ్యాపకుల వారి మాటలు చదవడానికి బాగున్నాయి గాని, నేను కొంచెం చేదు విషయం చెప్పక తప్పదు. మా ఇంట్లో మా తమ్ముడు ఇలాగే ఒక సంవత్సరం ఆగాడు. మొదటి నెలలో కాలపట్టిక గోడకు అంటించాడు. మూడో నెలలో ఆ కాగితం మీద సాలీడు గూడు కట్టింది. ఒక సంవత్సరం రెండయింది, చివరికి ఏ డిగ్రీ దొరికితే అందులో చేరాడు. వాడికి తెలివి తక్కువై కాదు. పొద్దున తొమ్మిదింటికి వాడు ఎక్కడా కనబడకపోయినా అడిగేవాళ్ళు లేకపోయారు, అంతే.

అమ్మాయి విషయంలో ఇంకొకటుంది, దీన్ని ఎవరూ పైకి అనరు. చదువుతున్న అమ్మాయికి సంబంధాలు రావు, వచ్చినా "చదువు కానివ్వండి" అని చెప్పి పంపించవచ్చు. ఇంట్లో ఉన్న అమ్మాయిని చూస్తే "ఖాళీగానే ఉంది కదా" అన్న మాట మొదలవుతుంది. మేనత్త ఒకరు, పెద్దమ్మ ఒకరు ఏదో శుభకార్యంలో ఎత్తుతారు. లంకగ్రామం గారు గట్టివారే కావచ్చు, కాని సంక్రాంతికి వచ్చిన బంధువులందరి ముందు ప్రతిసారీ ఆ మాట దాటవేయడం ఆయనకు సులువు కాదు, ఆ అమ్మాయికి అసలే కాదు. అందుకని ఈ సంవత్సరం మొదలుపెట్టకముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ఈ ఏడాదిలో పెళ్ళి మాట ఇంట్లోకి రానివ్వకూడదని తేల్చుకుని, ఆ సంగతి అమ్మాయికి కూడా నోరు తెరిచి చెప్పాలి. ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండాయో లేదో మీరు రాయలేదు. నిండకపోతే చట్టమే అడ్డు. నిండినా చదువు మధ్యలో ఉన్న పిల్ల అన్నది గుర్తుంచుకోవాలి.

నా సలహా అడిగితే, తెనాలిలోనో గుంటూరులోనో బీఎస్సీలో చేర్పించండి, పక్కన ఈఏపీసెట్‌కు చదువుకుంటుంది. సీటు వస్తే మానేస్తుంది, రాకపోతే ఒక సంవత్సరం కలిసి వస్తుంది. అలా చేర్పించేటప్పుడు అసలు ధ్రువపత్రాలు కళాశాల దగ్గర వదిలేయకండి. వాటిని పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. చెప్పినా కొందరు బీరువాలో పెట్టుకుంటారు, తర్వాత మూడేళ్ళ ఫీజు కడితేనే ఇస్తామంటారు. మా తమ్ముడి విషయంలో ఒక కళాశాల అలాగే చేసింది, వాటిని బయటికి తేవడానికి నేను ఆరుసార్లు తిరిగాను.

చేర్పించకుండా ఆగేటట్లయితే కాగితాల పని ఇది: ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి, పాఠశాలలో ప్రధానోపాధ్యాయులు మారితే రికార్డు వెతికే ఓపిక అందరికీ ఉండదు. ఈ సంవత్సరం ఏ విద్యాసంస్థలోనూ చేరలేదని తర్వాత కళాశాల వారు రాతపూర్వకంగా అడగవచ్చు. ఏ నెల నుంచి ఏ నెల వరకు ఖాళీ అన్నది స్పష్టంగా రాసి నోటరీ చేయించిన ప్రమాణపత్రం మామూలుగా సరిపోతుంది. ఆదాయ ధ్రువపత్రం పాతది పనికిరాకపోవచ్చు, ప్రవేశాల ముందు కొత్తది తీసుకోవాలి.

నర్సరీమొక్క

లంకగ్రామం గారికి నమస్కారం. మీ అమ్మాయి స్థానంలో కొన్నేళ్ళ క్రితం నేనున్నాను. మాది రాజమండ్రి. నాన్న గారు బట్టల దుకాణంలో గుమాస్తా. లెక్కలమనిషి గారు చెప్పిన సాలీడు గూడు మా గోడ మీద కూడా ఉండేది కాబట్టి ఆయన మాటను నేను తోసిపుచ్చలేను. జూన్‌లో ఆగాలని నిర్ణయించుకున్నాను, సెప్టెంబరు దాకా నేను చేసిందల్లా పొద్దున ఎనిమిదింటికి లేవడం, మధ్యాహ్నం పడుకోవడం, రాత్రి రెండింటి వరకు ఫోను చూడడం. పుస్తకం తెరిచిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అమ్మ పైకి ఏమీ అనేది కాదు గాని అన్నం పెట్టేటప్పుడు గరిటె చప్పుడు కాస్త గట్టిగా వినిపించేది.

దసరాకు వచ్చిన మా మేనమామ పరిస్థితి చూసి, నన్ను కడియపులంకలోని మా అమ్మమ్మ ఇంటికి తీసుకువెళ్ళి, అక్కడ తెలిసినవాళ్ళ నర్సరీలో కూర్చోబెట్టాడు. జీతం లేదు. మొదటి వారం నాకిచ్చిన పని, లారీలోకి ఎక్కే మొక్కల సంచులు లెక్కపెట్టి రాయడం. నేను రాసే లెక్క తప్పితే డ్రైవరుకూ యజమానికీ గొడవ జరుగుతుంది కాబట్టి, ఆరున్నరకల్లా నేనక్కడ ఉండాలి. నా జీవితంలో తేడా తెచ్చింది ఆ ఆరున్నర. అంతకుముందు నేను లేచినా లేవకపోయినా నష్టపోయేది నేనొక్కదాన్నే, నా నష్టం నాకు అంతగా నొప్పి అనిపించేది కాదు. అక్కడ నాకోసం లారీ ఆగి ఉండేది. నాలుగున్నరకు లేచి గంటన్నర భౌతికశాస్త్రం చదివి వెళ్ళడం, మధ్యాహ్నం వచ్చాక మరో గంట చదవడం, రాత్రి తొమ్మిదింటికి నిద్ర. మళ్ళీ ఫోను చూసే ఓపిక ఉండేది కాదు. కాబట్టి లెక్కలమనిషి గారూ, మీ తమ్ముడి విషయంలో మీరు కనిపెట్టిన కారణం నూటికి నూరు పాళ్ళూ సరైనది, డిగ్రీలో చేర్పించడం ఒక్కటే దానికి మందు అన్నదాన్ని మాత్రం నేను ఒప్పుకోను. హాజరు పట్టీ తిరగేసి చూడని డిగ్రీ కళాశాలలు కూడా ఉన్నాయి. అక్కడ కూడా ఎవరూ ఎదురుచూడరు.

నర్సరీలో నేర్చుకున్నది చెప్పమంటే చాలా ఉంది. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు ఏ పాళ్ళలో కలిపితే ఏ మొక్క నిలబడుతుందో, షేడ్ నెట్ కింద నుంచి ఎండలోకి మొక్కను ఎన్ని రోజుల్లో అలవాటు చేయాలో, అంటు కట్టే ఆడవాళ్ళు చూపించి నేర్పారు. వాళ్ళలో ఒకావిడకు సంతకం చేయడం రాదు, కాని మామిడి అంటు కట్టేటప్పుడు ఆవిడ చేతిలో కత్తి నడిచే తీరు చూస్తే మా కళాశాల ప్రయోగశాలలో ఎవరికీ అంత చేతివాటం లేదని చెప్పగలను. కాండంలో దవ్వ ఎక్కడ, బెరడు ఎక్కడ, మధ్యలో పెరిగే పొర ఎక్కడ అన్నది బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్నాను గాని, కలిపి కట్టే రెండు కొమ్మల్లోని ఆ పెరిగే పొరలు ఒకదానికొకటి ఆనకపోతే అంటు చచ్చిపోతుందన్నది ఆవిడ దగ్గరే తెలిసింది. జనవరి నుంచి రోజుకు రెండు వందలు కూలి ఇచ్చారు. మొదటి వారం డబ్బు అమ్మకు పంపాను. గరిటె చప్పుడు ఆగిపోయింది.

మార్చిలో పని మానేసి పూర్తిగా చదువు మీద కూర్చున్నాను. ఆ ఏడు ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుతో బాపట్ల వ్యవసాయ కళాశాలలో సీటు వచ్చింది. ఇప్పుడు ఒక బ్యాంకులో వ్యవసాయ క్షేత్ర అధికారిగా పనిచేస్తున్నాను. మీరడిగిన ఇబ్బందుల విషయానికొస్తే, ఆ ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య సంవత్సరం ఏమైందని అడిగారు. నర్సరీ అన్నాను. ఆ తర్వాత పది నిమిషాలు వాళ్ళు నర్సరీల గురించే అడిగారు: ఒక మొక్క పెంచడానికి ఎంత పెట్టుబడి, ఎన్ని చచ్చిపోతాయి, అప్పు ఇస్తే ఎప్పుడు తీర్చగలరు అని. పాఠ్యపుస్తకంలో లేని జవాబులు నా దగ్గరున్నది ఆ పది నిమిషాల్లోనే. ఇంట్లో కూర్చున్న సెప్టెంబరు వరకు జరిగిన నెలల గురించి అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు.

పెళ్ళి సంగతి కూడా నిజమే. మా ఇంట్లో ఒక సంబంధం గుమ్మం దాకా వచ్చింది. అమ్మమ్మ "అది పనికి వెళుతోంది" అని చెప్పి పంపించేసింది. ఖాళీగా ఉందన్న మాటకు విరుగుడు అదేనేమో.

లంకగ్రామం

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలను అచ్చు వేయించి ఇంట్లో చదివి వినిపించాను. గరిటె చప్పుడు దగ్గర మా ఆవిడ నవ్వింది, సంబంధాల దగ్గర నవ్వలేదు. ఆ విషయంలో మా ఇద్దరికీ మాట కుదిరింది, అమ్మాయికి చెప్పాను. ఆమెకు వచ్చే నెలలో పద్దెనిమిది నిండుతాయి.

అధ్యాపకుల వారు చెప్పిన కోటా గురించి నాకు నిజంగా తెలియదు. పాసుపుస్తకం, పాఠశాల ధ్రువపత్రం తీసుకున్నాము, దరఖాస్తు ప్రకటన వెలువడగానే చేస్తాము. సీటు వస్తే ఆగడం అన్నదే ఉండదు. రాకపోతే ఏం చేయాలన్నది అమ్మాయే రాసి ఇచ్చింది: పొద్దున భౌతికశాస్త్రం, ఆ తర్వాత దుగ్గిరాల దారిలో మాకు తెలిసిన ఒక చిన్న నర్సరీలో పని, సాయంత్రం మన పొలం లెక్కల పుస్తకం. మా రైతు సేవా కేంద్రంలో ఉన్న ఉద్యాన సహాయకురాలు, పంట నమోదుకు చేలకు వెళ్ళేటప్పుడు కూడా రావచ్చని చెప్పింది. తిరగడానికి వీలుగా ఉంటుందని లెర్నర్ లైసెన్స్ కూడా తీయిస్తున్నాను. డిగ్రీలో చేర్పించే సంగతి లెక్కలమనిషి గారి మాట విని ఒకటికి రెండుసార్లు ఆలోచించాను. అమ్మాయి నర్సరీనే ఎంచుకుంది. దసరా నాటికి పొద్దున లేవడం మానేస్తే డిగ్రీ రెండో విడతలోనైనా చేరతానని తనే షరతు పెట్టుకుంది. అప్పటికి విడతలు ఉంటాయో ఉండవో అనుకుంటూ ఒప్పుకున్నాను.

లెక్కలమనిషి

దసరాకు ఏ విడతలూ మిగలవండీ. అయినా ఆ షరతు తనకు తానుగా పెట్టుకుంది కాబట్టి నేను అడ్డు చెప్పను. నర్సరీ వారి దగ్గర, ఎన్ని నెలలు పనిచేసిందో చివర్లో ఒక కాగితం రాయించుకోవడం మాత్రం మరచిపోకండి.

లంకగ్రామం (రెండు నెలల తర్వాత)

మళ్ళీ రాస్తున్నందుకు క్షమించాలి. కౌన్సెలింగ్‌లో మా వంతు రాకముందే సీట్లు అయిపోయాయి, కోటాలో కొద్దిలో తప్పిందని చెప్పారు. అమ్మాయి కొంచెం బాధపడింది, నేను ఇంకొంచెం ఎక్కువ బాధపడ్డాను. మరునాడు ఆరింటికే సైకిలు తీసి నర్సరీకి వెళ్ళింది.

లెక్కల పుస్తకం నేను చూశాను. నాట్ల కూలి, యూరియా, పురుగుమందు అన్నీ రాసి, కిందటి సంవత్సరం నేను నోటితో చెప్పిన ఖర్చుకూ ఈ ఏడాది కాగితం మీద తేలిన ఖర్చుకూ ఎకరానికి నాలుగు వేలకు పైగా తేడా ఉందని చూపించింది. ఇరవై ఏళ్ళుగా వ్యవసాయం చేస్తున్నవాణ్ణి, నాకు ఆ లెక్క తెలియదని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. భౌతికశాస్త్రం మాత్రం అనుకున్నంత సాగడం లేదు, వారానికి రెండు రోజులు తప్పుతోంది. ఆ మాట కూడా అదే పుస్తకంలో తనే రాసుకుంది.

ఇప్పుడు అడగవలసింది నర్సరీమొక్క గారిని. అమ్మాయి మన పెరట్లోని జామకు తనంతట తాను పది గాలి అంట్లు కట్టింది, అంటే చెట్టు మీదే కొమ్మకు బెరడు వలిచి, వేళ్ళు రావడానికి తడి నాచు, ప్లాస్టిక్ చుట్టింది. మూడింటికి వేళ్ళు వచ్చాయి, ఏడింటికి రాలేదు. విప్పి చూస్తే ఆ ఏడింటిలో వలిచిన చోట బెరడు మళ్ళీ కలిసిపోయి ఉంది. నాచు తడిగానే ఉంది, ప్లాస్టిక్ కాగితం ఎక్కడా చిరగలేదు. నర్సరీలో అడగడానికి సిగ్గుపడుతోంది, నన్ను రాయమంది.

నర్సరీమొక్క

సిగ్గుపడవద్దని చెప్పండి, నా మొదటి పదిలో ఒక్కదానికీ రాలేదు. అంగుళం వెడల్పున బెరడు వలిచేసి వెంటనే నాచు కట్టేసి ఉంటుంది. బెరడు తీసిన తర్వాత కొమ్మ మీద చేతికి జారుడుగా తగిలే సన్నని పొర ఒకటి మిగులుతుంది, పుస్తకంలో ఆమె బొమ్మ గీసిన విభాజ్య పొర అదే. కత్తి వెనకవైపుతో దాన్ని చుట్టూ గీకి, గుడ్డతో తుడిచి, కొమ్మ పొడిగా గరుకుగా తగిలేవరకు చూసి అప్పుడు కట్టాలి. అది మిగిలితే పైబెరడునూ కిందిబెరడునూ మళ్ళీ కలిపేస్తుంది, కొమ్మకు వేరు వేయవలసిన అవసరం ఉండదు. పెన్సిలు లావున్న కొమ్మలు ఎంచుకోమనండి. వానలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ వారంలోనే మరో పది కట్టవచ్చు. వేళ్ళు వచ్చిన ఆ మూడింటిని తొందరపడి కోయవద్దు, ప్లాస్టిక్ లోపల తెల్లగా ఉన్న వేళ్ళు గోధుమ రంగుకు తిరిగాక, ఒక్కసారిగా కాకుండా, ముందు సగం కోసి వారం ఆగి మిగిలిన సగం కోయమనండి.